చేతికొక ఫోనా, ఇంటికొక కంప్యూటరా?

పరీక్షా ఫలితములు వెలువడిన వారములో మన పట్టణములలోని ఫోను దుకాణములు తిరునాళ్లను తలపించుచున్నవి. తండ్రి ముందు నడచును, కొడుకు వెనుక నడచును; బేరము మాత్రము కొడుకుదే. తండ్రి యడుగు ప్రశ్న యొక్కటియే: "నెలకెంత కట్టవలెను?" కోడెను కొనునప్పుడు పండ్లు చూచి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి చూచిన జాతి మనది. బియ్యము కొనునప్పుడు నాలుగు గింజలు నోట వేసికొని కొరికి చూడనిదే బస్తా దింపించుకొనము. అట్టి మనము పండ్రెండేండ్ల బిడ్డచేత రాత్రింబగళ్లు ఉండబోవు యంత్రమును రంగు చూచి, కెమెరా చూచి, వాయిదా చూచి కొని తెచ్చుచున్నాము. ఇది యేమి వివేకము?

మా యభిప్రాయమును దాచక మొదటనే చెప్పెదము. బిడ్డ చేతికి ఫోను ఇచ్చుటకు ముందు ఇంటికొక కంప్యూటరు రావలెను. అది నట్టింట, నలుగురును తిరుగు చోట, ఒక బల్లపై నుండవలెను. అది ఇంటిల్లిపాదికిని ఉమ్మడి యాస్తిగా నుండవలెను గాని యొక్కరి సొత్తుగా నుండరాదు. ఫోను పిమ్మట రావచ్చును. వచ్చినను దాని ప్రయోజనమును, దాని కాలమును తలిదండ్రులు నిర్ణయించిన పిమ్మటనే రావలెను. నేడు జరుగుచున్నది దీనికి తలక్రిందులు. మూడు ఫోనులున్న ఇంటిలో కంప్యూటరు మాట యెత్తినచో "అంత స్తోమతు మాకెక్కడిది?" అను గృహస్థులు ఊరూరను గలరు. ఆ మూడు ఫోనుల వెలను కూడి చూచిన, కంప్యూటరు ఏనాడో ఇంటికి వచ్చి యుండెడిదని వారికే తెలియును.

ఇది మా ఊహ మాత్రము కాదు. ప్రథమ్ సంస్థవారు గ్రామీణ భారతమును గూర్చి వెలువరించిన 2024 'అసర్' నివేదికను చూడుడు. 14 మొదలు 16 ఏండ్ల వయస్సుగల బాలబాలికలలో నూటికి 82 మంది స్మార్టుఫోను వాడుక నేర్చియున్నారు. అట్లు నేర్చినవారిలో, విచారించిన నాటికి ముందటి వారములో చదువు పనికి దానిని వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకు వాడినవారు నూటికి 76 మంది. ఇక కంప్యూటరు సంగతి యేమి? 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశములో కంప్యూటరు గల కుటుంబములు నూటికి 10.7 మాత్రమే, పట్టణములలో 23.4, పల్లెలలో 4.4. చదువు కొరకని చెప్పి కొన్న యంత్రము చదువుకంటె వేడుకకే యెక్కువగ పనిచేయుచున్నది. పనికి వచ్చు యంత్రమునకు మాత్రము ఇంటిలో చోటు దొరకలేదు.

రెండును యంత్రములే గదా, భేదమేమని కొందరడుగుదురు. భేదము కలదు. ఫోను ప్రధానముగ చూచుటకు చేయబడినది. కంప్యూటరు ప్రధానముగ చేయుటకు చేయబడినది. వ్రేలితో తెరను త్రోయుచున్నంతసేపు పై నుండి ఏది దిగివచ్చిన దానిని పిల్లవాడు చూచుచుండును. ఏది దిగవలెనో నిర్ణయించువాడు వేరొకడు. కీబోర్డు ముందు కూర్చున్నవాడు తాను ఏదియో యొకటి వ్రాయనిదే, గీయనిదే, లెక్కవేయనిదే తెరపై నేమియు రాదు. ఇంటి జమాఖర్చుల పట్టిక, పొలము దస్తావేజుల నకలు, కాలేజీకి దరఖాస్తు, సైన్సు ప్రదర్శనకు వ్యాసము, చిన్న ప్రోగ్రాము: ఇవి యన్నియు అచ్చట సుకరములు. కంప్యూటరుపైనను వీడియోలు చూచి ప్రొద్దు పుచ్చువారు లేకపోలేదు. కాని నట్టింటి బల్లపై నుండు తెరను దుప్పటిలో దాచుకొని రెండు జాములవరకు చూచుట సాధ్యము కాదు.

తెలుగు మాట కూడ ఇచ్చటనే చెప్పవలసియున్నది. యూనికోడులో తెలుగు లిపికి 1991 నుండి స్థానము కలదు. ఇన్‌స్క్రిప్టు అను తెలుగు కీబోర్డు విండోసులోను, లినక్సులోను కానీ ఖర్చు లేక లభించును. అయినను మన పిల్లలు అమ్మమ్మకు పంపు నాలుగు మాటలను సైతము ఇంగ్లీషు అక్షరములలో పంపుచున్నారు. ఫోను కొనిపెట్టిన తండ్రి ఒక్కనాడైన దానిలో తెలుగు కీబోర్డును తెరచి చూపలేదు. అమ్మభాషలో వ్రాయుటకు చేతులు అలవాటుపడని తరము నొకదానిని మనమే పెంచుచు, తెలుగు క్షీణించినదని సభలలో వాపోవుట యెవరిని మెప్పించుటకు?

న్యాయశాస్త్రము నెరిగినవారము గనుక ఇంకొక మాట చెప్పుట మాకు విధి. 1872 కాంట్రాక్టు చట్టము 11వ సెక్షను ప్రకారము మైనరు ఒప్పందము చేసికొనుటకు అర్హుడు కాడు. మైనరు చేసికొన్న ఒప్పందము మొదటినుండియు చెల్లదని ప్రీవీ కౌన్సిలువారు 1903లో మోహరీ బీబీ వ్యాజ్యమున తీర్పు చెప్పిరి. నేటికిని అదియే న్యాయము. పది రూపాయల ప్రోనోటుపై కొడుకు సంతకము చెల్లదని యెరిగిన తండ్రి, వాడు రోజునకు పదిమారులు "అంగీకరించితిని" అను చోట వ్రేలు నొక్కుచుండగా చూచి యూరకుండును. ఆ యొక్క నొక్కుతో ఏ ఫోటోలు, ఏ మాటలు, ఏ స్థలములు, ఏ యభిరుచులు ఎవరి యొద్దకు పోవుచున్నవో ఇంటిలో నొక్కరికిని తెలియదు.

2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారినందరిని పిల్లలుగానే యెంచినది. వారి సమాచారమును గ్రహించుటకు తలిదండ్రుల యొక్క నిర్ధారణ చేయదగిన సమ్మతి కావలెననినది. కొన్ని మినహాయింపులు తప్ప, పిల్లల నడవడిని వెంబడించి కనిపెట్టుటను, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుటను నిషేధించినది. పిల్లల విషయమున తప్పిన సంస్థలకు 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చుననినది. నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్య విధుల యమలునకు 18 నెలల గడువు ఈయబడినది. చట్టము మంచిదే. కాని తండ్రియే బిడ్డ పుట్టిన సంవత్సరమును ఆరేండ్లు వెనుకకు జరిపి ఖాతా తెరచి యిచ్చిననాడు ఏ చట్టము ఆ బిడ్డను కాపాడగలదు? ఆస్ట్రేలియావారు 2025 డిసెంబరు 10 నుండి 16 ఏండ్లు నిండనివారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండ చేసి, ఆ భారమును కంపెనీల నెత్తిన పెట్టిరి. మన దేశమున ఆ భారము నేడు తలిదండ్రుల భుజములపైననే యున్నది. దానిని దించి గోడకు చేరవేసి కూర్చుండుట ధర్మము కాదు.

ప్రతివాదులు మూడు మాటలు చెప్పుదురు. మొదటిది: ఫోను లేనిదే బడి నడవదు. 2020లో బడులు మూతపడిన నాటినుండి ఇంటిపని యంతయు వాట్సాపులోనే వచ్చుచున్నది. నిజమే. అది తండ్రి ఫోనునకో, తల్లి ఫోనునకో వచ్చుటకు అడ్డమేమి? పది నిమిషములలో చూచి వ్రాసికొనదగిన దానికి పది గంటల యంత్రము బిడ్డకు సొంతముగ నుండనేల? రెండవది: ఆడపిల్ల ఒంటరిగ ట్యూషనుకు పోవును, ఆపదలో పిలుచుటకు ఫోను కావలెను. ఇదియు నిజమే. పిలుచుటకు బటన్ల ఫోను చాలును. అది స్మార్టుఫోను వెలలో పదవ వంతునకే వచ్చును, బ్యాటరీ దినములకొలది నిలుచును. మూడవది డబ్బు మాట. దీనిని కొంచెము వివరించి చెప్పవలెను.

సున్న వడ్డీ వాయిదా అను మాటకు మన గృహస్థులు లొంగినట్లు మరి దేనికిని లొంగుట లేదు. సున్న వడ్డీ యనునది లోకమున లేనేలేదని రిజర్వు బ్యాంకువారు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టముగ తెలిపి, అట్టి పథకములను కూడదనిరి. వడ్డీ వెలలోనో, రుసుములోనో, వదలుకొన్న తగ్గింపులోనో దాగియుండును. అప్పుచేసి కొన్న ఫోను వాయిదాలు తీరులోపలనే పగిలిన ఇండ్లెన్ని లేవు? దానికి బదులు, ఆఫీసులు మార్చివేసిన పాత కంప్యూటరును నమ్మకమైన రిపేరు దుకాణమువానియొద్ద పరీక్షించి కొనుడు. హార్డుడిస్కునకు బదులు ఎస్సెస్డీ వేయించి, కొంచెము ర్యామ్ పెంచినచో అది చదువు పనికి ఏండ్లతరబడి చాలును. మైక్రోసాఫ్టువారు విండోసు 10నకు సాధారణ సహాయమును 2025 అక్టోబరు 14న ముగించిరి. ఎన్నో మంచి యంత్రములు విండోసు 11నకు అర్హత లేక మూలబడినవి. వానిని తుక్కునకు వేయనక్కర లేదు. వెల లేని లినక్సును ఎక్కించినచో మరల లేచి పనిచేయును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఏండ్లుగా పిల్లలు లినక్సుపైననే నేర్చుచున్నారు. మలయాళపు పిల్లలకు సాధ్యమైనది తెలుగు పిల్లలకు అసాధ్యమా?

ఫోను కొనక తప్పదన్నచో దుకాణదారుని కెమెరా సంగతి యడుగుటకు ముందు రెండు ప్రశ్నలు అడుగుడు. దీనికి భద్రతా అప్‌డేట్లు ఎన్ని యేండ్లు వచ్చును? బ్యాటరీయు తెరయు చెడినప్పుడు ఈ యూరిలో మార్పించుకొనుటకు వీలున్నదా, ఎంతగును? గూగుల్ వారు 2023లో పిక్సెల్ 8నకు, సామ్‌సంగ్ వారు 2024లో ఎస్24నకు ఏడేండ్ల అప్‌డేట్లు వాగ్దానము చేసిరి. చౌక ఫోనులలో పెక్కింటికి రెండు మూడేండ్లతో సరి. పిమ్మట అవి తాళము లేని ఇండ్లవంటివి. ఐరోపా సమాఖ్యవారు 2025 జూను 20 నుండి తమ బజారునకు వచ్చు ఫోనులకు, అమ్మకము నిలిచిన పిమ్మట ఐదేండ్ల వరకు అప్‌డేట్లును, ఏడేండ్ల వరకు విడిభాగములును తప్పనిసరి చేసిరి. మన ప్రభుత్వమువారు 2022లో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును వేసి, ఒక పోర్టలును తెరచిరి. పోర్టలు చట్టము కాదు. దానిని చూచి ఏ కంపెనీయు భయపడదు.

ప్రభుత్వమే యంత్రములను పంచినచో చిక్కు తీరునందురా? ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి యుపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులు పంచినది. బీద పిల్లల చేతికి యంత్రమునిచ్చుట తప్పని మేమనము. అందులో నింపినవి బైజూస్ కంపెనీవారి పాఠములు. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా విచారణ యారంభమైనది. ఒక తరము చదువును ఒక కంపెనీ భాగ్యమునకు ముడివేయరాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఇల్లుగాని రాజ్యముగాని, పిల్లలకిచ్చు యంత్రము ఎవరి పాఠమునైనను చదువదగినదై, ఎవరి చేతనైనను బాగుచేయదగినదై యుండవలెను.

ఇంటిలోని యన్యాయము నొకదానిని కూడ కప్పిపుచ్చరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తాము స్వయముగ వాడుకొను ఫోను గల స్త్రీలు దేశములో నూటికి 54 మంది మాత్రమే. కొడుకునకు కొత్త ఫోను, కూతునకు అన్న విడిచిన ఫోను, తల్లికి ఏదియు లేదు: ఇదియే పెక్కిండ్ల వాటా. నట్టింటి కంప్యూటరునకు అన్నయు చెల్లెలును సమాన హక్కుదారులు. దానియెదుట కూతురు కూర్చున్న గంటను కొడుకు కూర్చున్న గంటవలెనే మన్నింపవలెను. నట్టింట నుంచుమనుట కూతుపై నిఘా పెట్టుటకు కాదు. ఎదిగిన బిడ్డ వ్రాసికొన్న జాబును చదువు హక్కు తండ్రికి లేదు. ఇక తండ్రి తానే భోజనము వేళ ఫోను చేతబట్టి కూర్చుండి, పిల్లవానికి నీతి చెప్పిన వినువాడెవ్వడు? చంటిబిడ్డ ముద్ద మింగుటకు ఫోను చూపు తల్లులారా! రెండేండ్లు నిండనివారికి తెర వలదనియు, నాలుగేండ్ల వరకు దినమునకొక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లోనే చెప్పిరి. చందమామను చూపి బువ్వ తినిపించిన చేతులివి. ఆ విద్యను మరువకుడు.

ఇట్లన్నను కంప్యూటరు కొనలేని కుటుంబములు లక్షలుగ గలవు. వారి మాట యేమి? 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పినవారు పుస్తకము కొనలేనివానికి పుస్తకమును ఊరి సొత్తుగా చేసి యిచ్చిరి. ఆ మార్గమే నేటికిని మార్గము. మన మందరము ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కట్టుచునే యున్నాము. ఆ సొమ్ము గ్రంథాలయములకు చేరినదా, చేరక నిలిచినదా యని మీ పురపాలక సభ్యునడుగుడు. ప్రతి శాఖా గ్రంథాలయమున తెలుగు కీబోర్డుతో నాలుగు కంప్యూటర్లు, సాయంకాలము నేర్పుటకొక మనిషి యుండవలెనని కోరుడు. విద్యార్థి కంప్యూటరుపైనను విలాసపు ఫోనుపైనను ఒక్క రీతిగ నూటికి 18 వంతుల జీయస్టీ వేయుట న్యాయమా యని మీ పార్లమెంటు సభ్యునడుగుడు.

గృహస్థులారా! దుకాణమువాడు సరకు అమ్మును, కంపెనీ లాభము చూచును, ప్రభుత్వము ఓటు చూచును. బిడ్డను చూడవలసినవారు మీరు. ఈ యేడు ఫోనునకని దాచిన సొమ్మును తీయుటకు ముందు ఇంటిలో నందరిని, ఆడవారిని మొదలు కూర్చుండబెట్టి, ఈ యంత్రముతో మన ఇంటిలో ఏ పని జరుగవలెనని యొక్క ప్రశ్న వేయుడు. పనికి తగిన యంత్రమును కొనుడు. జవాబు దొరకనిచో సొమ్మును పెట్టెలోనే యుంచుడు.