బొమ్మలో చిక్కిన పద్యం

నంద్యాలలో ఉండే మిత్రులొకరు, పద్యమంటే ప్రాణం పెట్టేవారు, ఆ మధ్య పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాసి నాకు చూపించారు. పద్యాన్ని ఫైలులో ఉంచి మీట నొక్కితే చాలు. తాటాకు రంగు నేపథ్యం మీద, చుట్టూ లతలతో, అది బొమ్మగా తయారై నేరుగా క్లిప్‌బోర్డులోకి చేరుతుంది. భద్రపరచనక్కరలేదు, వెదకనక్కరలేదు, వాట్సాప్ గుంపులో అతికించడమే తరువాయి. నేను మనసారా మెచ్చుకున్నాను. ఆ మెప్పులో సగం ఈ టపాతో వెనక్కు తీసుకుంటున్నాను.

ఆ పద్యం ఆళ్ళగడ్డలో మా మేనమామగారికి చేరింది. ఆయన విశ్రాంత తెలుగు పండితులు. చూపు మందగించింది కనుక ఫోను చదివి వినిపించినదే ఆయన చదువు. ఫోను నాలుగు పాదాల పద్యాన్ని "ఫోటో" అని చదివి ఊరుకుంది. "ఏమిరా, పద్యం పంపినాడంటివి. ఇదేమో ఫోటో అంటాంది," అన్నారాయన. నా దగ్గర సమాధానం లేదు.

మిత్రుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పిల్లో లైబ్రరీతో తెలుగు బొమ్మ గీయడం అంత సులువేమీ కాదు. అక్షరాలను కూర్చే రాక్మ్ అనే సహాయకం, దానికి తోడుగా ఫ్రిబిడి, ఈ రెండూ లేకపోతే దకారానికి యవత్తు పట్టదు. ఊరి పేరు "నంద్‌యాల" అవుతుంది, పక్క ఊరు "ఆళ్‌ళగడ్‌డ" అవుతుంది. ఇది దాటాక మరొక చిక్కు. పిల్లోకు క్లిప్‌బోర్డు నుంచి బొమ్మను తీసుకోవడం తెలుసు గాని, దానిలో పెట్టడం తెలియదు. కాబట్టి విండోస్‌లో బొమ్మను బీఎంపీగా మార్చి, దాని తలనున్న పద్నాలుగు బైట్లను కోసివేసి, మిగిలినదాన్ని పైవిన్32 ద్వారా సీఎఫ్ డిఐబి అన్న పేరుతో అప్పగించాలి. ఆ పద్నాలుగు బైట్ల రహస్యం తెలియక మిత్రులు రెండు రాత్రులు జాగారం చేశారు.

ఇంత శ్రమపడినవారు ఇంకొక్క వరుస రాయలేదు. నా తగువంతా అక్కడే.

క్లిప్‌బోర్డు అంటే ఒకే వస్తువు పట్టే డబ్బా అని మనలో చాలామంది భ్రమ. ఒకే విషయాన్ని అనేక రూపాలలో ఏకకాలంలో పెట్టుకోగల చోటు అది. ఒకసారి తెరచి ఖాళీ చేశాక, మూసేలోపు, బొమ్మతో పాటు సీఎఫ్ యూనికోడ్ టెక్స్ట్ పేరుతో పద్యపాఠాన్ని కూడా పెట్టవచ్చు. నోట్‌ప్యాడు పాఠాన్ని తీసుకుంటుంది, పెయింటు బొమ్మను తీసుకుంటుంది. లినక్సులో ఎక్స్‌క్లిప్‌తో ఇది కుదరకపోయినా, క్యూటీ వాడేవారు ఒకే మైమ్‌డేటాలో రెంటినీ కూర్చవచ్చు. వాట్సాప్‌కు పోయేది బొమ్మ ఒక్కటే అయినా, పాఠం చేతిలోనే ఉంటుంది కదా, బొమ్మ కింద వ్యాఖ్యగా అతికించవచ్చు. పద్యం ఆ స్క్రిప్టు చేతికి యూనికోడ్ పాఠంగానే వచ్చింది. ఉన్నదాన్ని పారవేసి, లేనిదాన్ని తయారుచేసి పంచిపెట్టడం ఏమి పని?

ఈ మాట ఎవరో కొత్తవారికి చెప్పవలసి వస్తే ఇంత బాధ ఉండేది కాదు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దక్కినా, పత్రికలవారు తమ సొంత ఖతులను వదలనప్పుడు వారిని టపాల మీద టపాలు రాసి దులిపినది మనమే. పద్మ వంటి పనిముట్లతో ఆ రాతలను యూనికోడ్‌లోకి మార్చుకుని చదివాం. లేఖినిలో అక్షరం అక్షరం కూర్చి కూడలిలో ఒకరినొకరం వెదుక్కున్నాం. ఆ మనమే నేడు కవితలను తెరపట్టులుగా పంచుతున్నాం!

బొమ్మగా పెడితే దొంగలు ఎత్తుకుపోరని కొందరి వాదం. దొంగకు కావలసింది కత్తిరింపు ఒక్కటే. అడుగున ఉన్న మీ పేరు కోసివేసి బొమ్మను ముందుకు తోస్తాడు. పాఠమైతే ఒక పాదాన్ని వెదికి దొంగను పట్టుకోవచ్చు. బొమ్మలో పోయిన సొత్తుకు ఆ ఆనవాలు కూడా ఉండదు. ఇక టెస్సరాక్ట్ వంటివి బొమ్మనుంచి అక్షరాలు రాబడతాయి కదా అంటారు మరికొందరు. రాబడతాయి, లతలకూ వత్తులకూ తేడా తెలిసినంత మేరకు. కుండను మనమే పగులగొట్టి, పెంకులు అతికేవాడు ఉన్నాడని సంతోషించడం ఇది.

అందం సంగతి వేరు. అది నాకూ ఇష్టమే. ఆళ్ళగడ్డ శిల్పులు రాతిమీద అక్షరం చెక్కితే దాన్ని రాతినుంచి విడదీయలేము. వారి మాధ్యమం అటువంటిది. మనకు ఆ నిర్బంధం లేదు.

చివరకు మిత్రులతో రెండు రోజులు వాదించాను. మూడోనాడు స్క్రిప్టులో ఆ వరుస చేర్చి, బొమ్మ కింద పాఠంతో సహా పద్యాన్ని మళ్ళీ పంపారు. మామయ్య ఫోను చేత రెండుసార్లు చదివించుకుని విని, మూడో పాదంలో యతి తప్పిందన్నారు. నిజమే, తప్పింది. మిత్రులు ఒక మాట మార్చి సరిచేసుకున్నారు. మొదట పంపిన బొమ్మ మాత్రం ఆ తప్పుతోనే గుంపులలో ఇంకా తిరుగుతూ ఉంది. నిన్న నాకే మరొకరు పంపారు.