మాటలు ఎటు పోయినయ్?

మొన్న దీపావళి బోనస్‌తో మా బావ హోమ్ థియేటర్ కొన్నాడు. బావ అంటే మా మేనమామ కొడుకు, మందమర్రిలో సింగరేణి కొలువు. ఒక రిసీవర్, ముందు రెండు పెద్ద స్పీకర్లు, టీవీ కింద అడ్డంగా ఒక సెంటర్ స్పీకర్, వెనక రెండు చిన్నవి, మూలకు సబ్‌వూఫర్. అన్నీ కలిపి డెబ్బై వేల దాకా అయ్యిందట. షాపు నుంచి వచ్చిన పిల్లగాడు గంటలో వైర్లన్నీ గుచ్చి, ఒక ఫైటింగ్ సీన్ పెట్టి, కిటికీ అద్దాలు గడగడలాడించి పోయాడు.

వారం తిరగకముందే మా మామ టీవీ ముందు కూర్చోవడం బంద్ చేశాడు.

“బాంబులు ఇనవడ్తున్నయ్ అల్లుడా, మాటలే ఇనవడ్తలేవు. నా చెవులు పోయినట్టున్నయ్” అని ఫోన్ చేశాడు. సినిమా మొదలైతే చాలు, లేచి బయట అరుగు మీద కూర్చుంటున్నాడని అత్త బాధ. బావేమో చెవుల డాక్టర్ దగ్గర నంబర్ పెట్టించాడు. షాపువాళ్లను అడిగితే, సెంటర్ స్పీకర్ చిన్నదైంది, పెద్దది వేయాలి, పన్నెండు వేలు అవుతుందన్నారట.

నా అనుమానం ఒక్కటే. ఫోన్‌లో నా మాట మామకు మంచిగనే వినిపిస్తోంది. మరి టీవీలో మాటలే ఎందుకు పోతున్నాయి? ఆదివారం పొద్దున్నే కరీంనగర్‌లో బస్సెక్కాను.

పోగానే చేసిన మొదటి పని, రిసీవర్ వెనక వైపు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయడం. మీరూ ఇది అలవాటు చేసుకోండి. ఒక్క వైరు పీకినా, అది ఎక్కడిదో పది నిమిషాల తర్వాత గుర్తుండదు.

రెండో పని, టీవీలో సినిమా నడుస్తుంటే సెంటర్ స్పీకర్‌కు చెవి ఆనించడం. చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. 5.1 సౌండ్‌లో మనుషుల మాటలు ఎక్కువగా వచ్చేది ఆ స్పీకర్ నుంచే. ముందు రెండు సంగీతానికి, అటూ ఇటూ తిరిగే చప్పుళ్లకు. వెనకవి వాన, గుంపు, గాలి వంటివాటికి. ఆ ‘.1’ అన్నది సబ్‌వూఫర్, అంటే బాంబు. మాట్లాడాల్సినది మొదటి రోజు నుంచీ మూగగానే ఉందన్నమాట.

బావ నెత్తి కొట్టుకున్నాడు. “పన్నెండు వేలు పెట్టి ఇంకో మూగదాన్ని తెచ్చెటోన్ని గదరా బామ్మర్ది!”

కారణం ఫొటోలోనే దొరికింది. టీవీ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక సన్న వైరు వచ్చి, ఎరుపు, తెలుపు పిన్నులతో రిసీవర్‌లో దూరింది. ఆ వైరులో పోయేవి రెండే చానళ్లు, ఎడమ, కుడి. రిసీవర్ కూడా స్టీరియో మోడ్‌లోనే ఉంది. అలా ఉంటే అది ముందు రెండు స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు మాత్రమే పని చెబుతుంది. మిగతా మూడూ షోకేసు బొమ్మలే.

అయినా ఒక చిక్కు మిగిలింది. సెంటర్ స్పీకర్ లేకున్నా మాటలు ఎడమ, కుడి రెండిట్లో సమానంగా రావాలి కదా? మన ఫోన్‌లో, మామూలు టీవీలో అట్లనే వస్తాయి. ఇక్కడ అవీ ఎందుకు పలచబడ్డాయి?

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి (ఇది మరవొద్దు), స్పీకర్ వైర్లు చూశాను. ఎడమ స్పీకర్‌కు ఎరుపు దగ్గర నలుపు, నలుపు దగ్గర ఎరుపు పెట్టారు. చూడ్డానికి చిన్న తప్పు, స్పీకర్ కూడా ఏం పాడవదు. కానీ కుడి స్పీకర్ పొర ముందుకు పోయినప్పుడల్లా ఎడమది వెనక్కి పోతుంది. బండిని ఒకడు ముందుకు నూకుతుంటే ఇంకొకడు వెనక్కి గుంజినట్టు. రెండిట్లోనూ ఒకేలా ఉన్న చప్పుడు గాలిలోనే ఒకదాన్నొకటి తినేస్తుంది. రెండిట్లో ఒకేలా ఉండేది ఏది? మాట! పూర్తిగా చావదు గానీ, బోలుగా, ఎటు నుంచి వస్తుందో తెలియకుండా తయారవుతుంది. ఫైటింగ్ చప్పుళ్లు రెండు పక్కలా వేరువేరు కాబట్టి బతికిపోతాయి. సబ్‌వూఫర్ వైరు వేరే కాబట్టి దానికి ఏ లోటూ లేదు.

ఇక వయసు. పెద్దయ్యేకొద్దీ చెవికి ముందు తగ్గేది సన్నటి ధ్వనులు. స, శ, త లాంటి అక్షరాలను విడదీసేవి అవే. బావకు సగం మాట వినిపిస్తే మిగతా సగం మెదడు కలుపుకుంది. మామకు అది కుదరలేదు. తప్పు వైరుది, నింద చెవులది. డాక్టర్ దగ్గరికి పోవద్దని నేనేం అనలేదు, ఆ వయసులో పరీక్ష మంచిదే. మంగళవారం నంబర్ అట్లనే ఉంచాం.

మీ ఇంట్లో వైరు రంగులు తెలియకపోతే పాత చిట్కా ఒకటుంది. స్పీకర్ వైర్లను రిసీవర్ నుంచి తీసేసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్‌కు ఒక్క క్షణం తాకించండి. పొర ముందుకు పొంగితే, సెల్ ప్లస్‌కు తగిలిన వైరే ఎరుపు వైపు పోవాలి. వైరు కొసల్లో ఒక్క రాగి వెంట్రుక కూడా పక్కదానికి తగలొద్దు. తగిలితే రిసీవర్ తనను తాను ఆపేసుకుంటుంది, ఆపుకోకపోతే కాలుతుంది.

ఇప్పుడు అసలు కనెక్షన్. మీ టీవీ వెనక హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు నాలుగు ఉంటాయి. ఒక్కదాని పక్కనే ‘ఏఆర్‌సీ’ అనో ‘ఈఏఆర్‌సీ’ అనో రాసి ఉంటుంది. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏర్పాటు ఇది. రిసీవర్ నుంచి బొమ్మ ఏ వైరులో టీవీకి పోతుందో, టీవీ యాప్‌ల సౌండ్ అదే వైరులో వెనక్కి వస్తుంది. బావ ఇంట్లో హెచ్‌డీఎంఐ వైరు ముందే ఉంది, కాకపోతే రెండో పోర్టులో. దాన్ని తీసి ఏఆర్‌సీ పోర్టులో పెట్టడానికి పట్టింది అర నిమిషం. సెట్‌టాప్ బాక్స్ వైరును రిసీవర్ ఇన్‌పుట్‌లోకి మార్చాం. కొత్త కేబుల్ ఏదీ కొనలేదు. బంగారు పూత కేబుల్ అని ఎవరైనా అంటే చిరునవ్వు నవ్వి వచ్చేయండి.

వైరు మారిస్తే సరిపోదు, రెండు సెట్టింగులున్నాయి. ఒకటి సీఈసీ, టీవీలోనూ రిసీవర్‌లోనూ ఆన్ చేయాలి. దీనికి సోనీలో బ్రావియా సింక్, సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్ అని పేర్లు. రెండోది టీవీ సౌండ్ మెనూలో ‘డిజిటల్ ఆడియో అవుట్’. అది పీసీఎం మీద ఉంటే ఏఆర్‌సీలో మళ్లీ రెండు చానళ్లే వస్తాయి. ఆటో గానీ పాస్‌త్రూ గానీ పెట్టండి. రిసీవర్ ముందు డిస్‌ప్లేలో ‘డాల్బీ డిజిటల్ ప్లస్’ అని పడితే గెలిచినట్టే. ప్రతి సినిమా 5.1లో ఉండదు. స్టీరియో అని పడితే రిసీవర్‌లో ‘డాల్బీ సరౌండ్’ మోడ్ పెట్టండి, మాటలను వెతికి సెంటర్‌కు పంపుతుంది. ఏఆర్‌సీ లేని పాత రిసీవర్ అయితే ఆప్టికల్ వైరు దిక్కు. అది డాల్బీ డిజిటల్ ప్లస్‌ను మోయలేదు, టీవీ దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపితేనే 5.1.

పెట్టెలో ఒక చిన్న మైకు, కవరు కూడా చింపకుండా దొరికింది. డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపీఏఓ అంటారు కదా, ఆ కొలతల మైకు. మామ కూర్చునే చోట, ఆయన చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాన్ ఆపి, అందరం బయటికి వచ్చాం. రిసీవర్ ‘టూప్, టూప్’ అంటూ ఒక్కో స్పీకర్ దూరం కొలుచుకుంది. పక్కింటి కోడి కూసినందుకు ఒకసారి మళ్లీ చేయాల్సి వచ్చింది. చివర్లో నా చేత్తో సెంటర్‌ను 2 డెసిబెల్స్ పెంచి, సబ్‌వూఫర్‌ను 3 తగ్గించాను. బావకు అది నచ్చలేదు. నచ్చకపోయినా ఉంచాం.

ఒక మాట మరిచాను. రిసీవర్‌ను టీవీ స్టాండ్ అరలో పెట్టి, మీద సెట్‌టాప్ బాక్స్ ఎక్కించారు. మే నెలలో 45 డిగ్రీలు కాసే బొగ్గు నేల ఇది. రిసీవర్ వేడి పైకే పోతుంది కాబట్టి పైన జాగా ఖాళీగా ఉండాలి. బాక్స్‌ను పక్కకు దించాం.

సాయంత్రం ‘బలగం’ పెట్టాం. 2023లో వచ్చిన సినిమా, సిరిసిల్ల పక్క పల్లెల్లో తీసింది. అప్పట్లో ఊరూరా తెర కట్టి చూశారు గుర్తుందా? అందులో బాంబులు లేవు, ఉన్నవన్నీ మాటలే. మామను అరుగు మీది నుంచి పిలిస్తే, “నాకేం ఇనవడ్తదిరా” అనుకుంటూనే వచ్చి కూర్చున్నాడు. పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. మా అందరి చూపూ తెర మీద కంటే ఆయన మీదే ఉంది. ఒక పంచాయితీ సీన్‌లో ఉన్నట్టుండి పకపకా నవ్వాడు, మాకంటే ముందు.

కాసేపటికి బావ వైపు తిరిగి, “ఏందిరా గంత సప్పుడు, జెర తగ్గియ్యి” అన్నాడు.

వాల్యూమ్ 58 నుంచి 41కి వచ్చింది.