చెత్తబండికి వేళ యుండవలదా?

2021 అక్టోబరు 2వ తేదీన బెజవాడ బెంజి సర్కిలునుండి చెత్తబండ్లు బయలుదేరినవి. వానివెంట చెత్తపన్నును వచ్చినది. సరిగా మూడేండ్లకు, 2024 అక్టోబరు 2వ తేదీన, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు బందరులో ఆ పన్ను రద్దుచేయుచున్నామని ప్రకటించిరి. రెండును గాంధీజయంతి దినములే. గృహస్థులు సంతసించిరి, మేమును సంతసించితిమి. పేదయింటి కూరగాయతొక్కులకు పన్ను కట్టుమనుట యెవ్వరికిని రుచింపలేదు. కాని వర్తకులలో కొందరు దీనికి వేరొక యర్థమును చెప్పుకొనుచున్నట్లు తోచుచున్నది. పన్నుతోడనే బాధ్యతయు తొలగినదని వారి భావము కాబోలు! అట్టి యర్థమును శాసనమునందు ఎంత వెదకినను మాకు కానరాలేదు.

2016 ఏప్రిలు 8వ తేదీన భారతప్రభుత్వమువారు ప్రకటించిన ఘనవ్యర్థ నిబంధనలు దినమునకు సగటున 100 కిలోలకు మించి చెత్త పుట్టించు సంస్థలను ప్రత్యేకముగ గుర్తించి, వానిపై అధికభారము మోపినవి. అనుమతిలేని స్థలమున నూరుగురికి మించి జనము గుమిగూడు వేడుక చేయువారు మూడు పనిదినములు ముందుగా స్థానికసంస్థకు తెలుపవలెనని శాసించినవి. శుభలేఖలు వెయ్యిమందికి పంచువారిలో ఎందరు ఒక్క ప్రతిని పురపాలక కార్యాలయమునకు పంపిరో పాఠకులే యూహింపవచ్చును. వీథిలో కొబ్బరిబోండములు అమ్ముకొను బడుగువాడు సైతము డొక్కలకు తొట్టి యుంచుకొనవలెనని ఆ నిబంధనలే చెప్పినవి. తోపుడుబండివానికి చెప్పగలిగిన మాట మూడంతస్తుల హోటలుకు చెప్పలేకపోవుట వింతగా నున్నది.

అసలు చిక్కు ఎచ్చటనున్నది? బండి వచ్చుచున్నదా లేదా యను ప్రశ్నయే అందరును వేయుదురు గాని, ఏ వేళకు వచ్చుచున్నదని అడుగువారు లేరు. గృహస్థునకు ఉదయము ఒక్కమారు బండి వచ్చిన చాలును. హోటలువారి సంగతి యట్లు కాదు. మధ్యాహ్న భోజనముల యెంగిలి విస్తళ్లు మూడుగంటలకు కుప్పపడును. రాత్రి కుప్ప పదునొకండు గంటలకు. రెండును మరునాటి యుదయపు బండికై కాచుకొనవలెను. చలిదేశములలో వారమునకొకమారు తీసినను చెల్లునేమో! వైశాఖమాసపు బెజవాడ యెండలో అన్నము, సాంబారు, అరటియాకులు సాయంకాలమునకే పులిసి కంపుకొట్టును. ఈగ పెట్టిన గ్రుడ్లు ఉడుకుకాలమున ఒక్క దినములో పురుగులగును. వారము పదిదినములలో ఆ పురుగులకు రెక్కలు వచ్చును. కావున వర్తకుల మొర కొంత న్యాయమైనదే యని మేము అంగీకరింపక తప్పదు. బండి వారి వేళకు రాదు. అయినను, రాని బండిని సాకుగా చూపి చీకటివేళ పనికుఱ్ఱవానిచేత గంపను కాలువలో బోర్లించుట న్యాయమగునా?

ఈ మాట పట్టణవాసులకంటె కృష్ణకు దిగువనున్న రైతులకు ముఖ్యము. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ యను మూడును బెజవాడ నడుమనుండియే డెల్టాకు పోవుచున్నవి. 1855 నాటికి ఆనకట్ట పూర్తియైనది మొదలు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన తరువాతను, ఆ నీటితోడనే మాగాణి పండుచున్నది. వేసవిలో కాలువలు కట్టివేయకముందు గ్రామముల మంచినీటి చెరువులు నిండునదియు ఆ నీటితోడనే. బెజవాడలో ఒక హోటలు విసరిన ప్లాస్టిక్ సంచి ఏ తూమునకో అడ్డుపడును. కుళ్లిన యెంగిలి ఏ గ్రామపు చెరువులోనికో చేరును. పైరునకు నీరు చాలలేదని లస్కరుతో తగవులాడు భూస్వామి ఒక్కమారు గట్టువెంట ఎగువకు నడచి చూచిన మేలు.

2023 డిసెంబరు చివరను పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకట్టినప్పుడు కొలది దినములలోనే వీథులు ఎట్లు మారినవో ఎవ్వరును మరచియుండరు. వారి చేతులలో మన యారోగ్యమున్నదని నాడు తెలిసినది. సమ్మె ముగిసినంతనే మరచితిమి. కలగలిపిన చెత్తలో పగిలిన సీసాముక్క యెవరి చేతిని కోయుచున్నదో, ఆ చేతులు తరతరములుగా ఏ కులములవారివో తెలియనివారు లేరు. తడిపొడి వేరుచేయుట హోటలు యజమానికి అరగంట పని.

వేళ విధించుట క్రొత్తసంగతియు కాదు. ఆసుపత్రుల వ్యర్థములకు శాసనము గడియలే లెక్కించినది. రక్తసిక్తమైన దూదిని, గుడ్డలను శుద్ధిచేయక 48 గంటలకు మించి నిలువయుంచరాదని 2016 నాటి జీవవైద్య వ్యర్థ నిబంధనలు చెప్పినవి. కౌటిల్యుడు వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు దండన విధించి, రాజమార్గమున నైనచో రెట్టింపు చేసెను. పారిసు నగరమున 1883లో పుబెల్ అను అధికారి ఇంటి యజమానులే చెత్తతొట్లు ఏర్పరుపవలెనని ఉత్తరువు చేయగా వారు గగ్గోలు పెట్టిరి. నేడు ఫ్రెంచివారు చెత్తతొట్టిని పిలుచునది అతని పేరుతోడనే.

బెజవాడకు 1888 మొదలు పురపాలకసంఘము కలదు; 1981లో అది కార్పొరేషనైనది. పరప్రభుత్వమువారు పట్టించుకొనుట లేదని దూషించుటకు ఇప్పుడు వీలులేదు. ఓటు మనది, అధికారియు మనవాడే. కావున కార్పొరేషనువారు వ్యాపారమును బట్టి వేళలు నిర్ణయింపవలెను. హోటళ్లకు, కల్యాణమండపములకు మధ్యాహ్నమొకమారు, అర్ధరాత్రి యొకమారు. కాళేశ్వరరావు మార్కెటుకు ఉదయపు బేరములు ముగిసినంతనే. గుడ్డల దుకాణములకు రెండుదినములకొకమారు చాలును. అధికమైన ట్రిప్పుల ఖర్చు చెత్త పుట్టించినవారే భరింపవలెను గాని చిన్నయిండ్లపై మరల రుద్దరాదు. వేళకు బండి రానిచో కార్పొరేషను, బండి వచ్చినను చెత్త అందీయనిచో యజమాని జరిమానా చెల్లింపవలెను. ఈ వేళల పట్టిక ప్రతి హోటలు గుమ్మమున, ధరల పట్టిక ప్రక్కనే, భోజనమునకు వచ్చినవారందరికి కనబడునట్లు వ్రేలాడగట్టవలెను.