తెరను నమ్మి కుట్టిన జాకెట్టు

ఈ వారం వంటింటి సంగతి పక్కనపెట్టి కంప్యూటర్ సంగతి రాస్తున్నాను. ఇంటర్‌తో చదువాపేసిన దానికి ఈ గొడవెందుకని నవ్వుకోకండి. కుట్టుపని చేసుకునే ప్రతి ఇల్లాలికీ పనికొచ్చే మాటే ఇది.

మాది పాల్వంచ దాటాక భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఊరు. పెళ్లిళ్ల రోజుల్లో జాకెట్లు కుట్టి నాలుగు డబ్బులు చూసుకుంటాను. మొన్న వేసవిలో మా వీధిలో ఒకావిడ కూతురి పెళ్లి జాకెట్టు నాకప్పగించింది. తునికాకు కోసిన డబ్బులు దాచి పిల్లకి పట్టుచీర కొనిపించింది. చీర విజయవాడలో ఆవిడ చెల్లెలి దగ్గరుంది, ఫొటో మాత్రం వచ్చింది. “రంగు కలిసేటట్టు గుడ్డ నువ్వే తెచ్చి కుట్టు వదినా” అంది.

ఫోన్‌లో చిన్నగా ఉందని మా అమ్మాయి కంప్యూటర్‌లో పెద్దగా పెట్టి చూశాను. కాస్త వెలిసిన వంగపండు రంగు. అదే రంగు గుడ్డ వెతికి తెచ్చి కుట్టేశాను. పెళ్లికి మూడు రోజుల ముందు చీర వచ్చింది. చూస్తే నిగనిగలాడే ముదురు వంగపండు! ఆవిడ జాకెట్టు చీర మీద పెట్టి చూసి, ఏమీ అనకుండా మడిచి పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి పిల్ల మీద పడ్డాను, ఫొటో రంగు మార్చావని. అది ఫోను తెచ్చి తెర పక్కన పెట్టింది. ఫోన్‌లో ముదురుగానే ఉంది. “అమ్మా, పెద్దతెర మీద ఆ చీర కట్టిన అమ్మాయి జడ చూడు” అంది. నల్లటి జడ బూడిద రంగులో ఉంది. నాకు మొదటే అనుమానం రావాల్సింది.

సంగతేమిటంటే, కంప్యూటర్ రంగుల్ని అంకెల్లో పంపుతుంది. కారునలుపు 0, తెలుపు 255. టీవీ పద్ధతిలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. హెచ్‌డీఎంఐ వైరు తగిలిస్తే ఒక్కోసారి కంప్యూటర్, మానిటర్‌ని టీవీ అనుకుని ఆ కొలతలో పంపుతుంది. ఒకరు సోలతో పోస్తే ఇంకొకరు తవ్వతో లెక్కపెట్టినట్టన్నమాట. నలుపు బూడిదవుతుంది, రంగులు వెలుస్తాయి. దీనికి తిరగబడితే ముదురు రంగులన్నీ నల్లముద్దవుతాయి.

సరిచేసుకోవడం ఇలా:

1. కంప్యూటర్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో ‘ఔట్‌పుట్ డైనమిక్ రేంజ్’ అనో ‘క్వాంటైజేషన్ రేంజ్’ అనో ఉంటుంది. ‘లిమిటెడ్’ ఉంటే ‘ఫుల్’ పెట్టండి. టీవీనే తెరగా వాడేవాళ్లు టీవీ మెనూలో ‘బ్లాక్ లెవెల్’ కూడా చూడండి. రెండువైపులా కొలత ఒకటే ఉండాలి.

2. రాత్రిపూట కళ్లకి హాయిగా ఉండాలని పెట్టే ‘నైట్ లైట్’ ఆపేయండి. అది అన్నిటికీ పసుపు పూస్తుంది. మానిటర్ మెనూలో ‘వివిడ్’ ఉంటే ‘స్టాండర్డ్’కి మార్చండి.

3. తెర వేసిన అరగంటకి, విండోస్ వెతికేచోట ‘కాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్’ అని కొట్టండి. అందులో కోటు వేసుకున్న ఒకాయన బొమ్మ వస్తుంది. చొక్కా, కోటు విడివిడిగా కనబడి, వెనకున్న ఇంటూ గుర్తు లీలగా కనబడేదాకా బ్రైట్‌నెస్ సర్దుకోవాలి.

4. చివరగా, రంగు మీకు బాగా తెలిసిన వస్తువుతో పరీక్ష పెట్టండి. నేను భద్రాద్రి రామయ్య తలంబ్రాల పొట్లం తీశాను. మిగతాచోట్ల తలంబ్రాలు పసుప్పచ్చగా ఉంటే, మా దగ్గర గులాల్ కలుపుతారు కాబట్టి ఎర్రగా ఉంటాయి. కిటికీ దగ్గర పగటి వెలుగులో ఫొటో తీసి, తెర పక్కన పొట్లం పెట్టి చూశాను. ఇప్పుడు దాదాపు కలిశాయి.

ఆవిడకి నా డబ్బుతో వేరే గుడ్డ తెచ్చి రెండు రాత్రులు కూర్చుని కుట్టిచ్చాను. పిల్ల అదే తొడుక్కుని పీటల మీద కూర్చుంది. మా అమ్మాయికి మాత్రం నేను బాకీపడ్డాను, అనవసరంగా తిట్టినందుకు.

తెర ఎంత సర్దినా ఫొటో ఫొటోనే. అందుకే ఇప్పుడు పెళ్లి జాకెట్టు ఒప్పుకుంటే, చీర కొంగు కుచ్చులోంచి నాలుగు పోగులు కవర్లో పంపమంటున్నాను. మీరూ అలాగే చేయండి. ఆ వెలిసిన జాకెట్టు ఇంకా నా బీరువాలోనే ఉంది.