తీగతోడనా? తీగ లేకయా?

గడచిన దసరా సెలవులలో మదనపల్లెలోని మా యింటి కొక క్రొత్త యంత్రము వచ్చినది. బెంగుళూరులో నుద్యోగము చేయుచున్న మా తమ్ముడు దానిని, దానితో గూడ బలమైన లాప్‌టాపు నొకదానిని మాకడ నుంచి, సెలవులు ముగియునాటికి వచ్చి తీసికొని పోయెదనని చెప్పి వెళ్లెను. కన్నులకు గంతవలె కట్టుకొనెడు వస్తువది, వీ.ఆర్. హెడ్‌సెట్టని దానిపేరు. ధరించినవారికి తామున్న గది కనబడదు. యంత్రము చూపెడు లోకమే ముందును వెనుకను, పైనను క్రిందను కనబడును. తల యెటు త్రిప్పిన నటు దృశ్యమును తిరుగును.

పిల్లల యాటవస్తువును గూర్చి గృహిణులకు చెప్పనేల యని కొంద రనవచ్చును. ఇంటిలోనికి ఏ వస్తువు వచ్చినను దానికి తావు చూపుట, దాని తీగ యొకరి కాలికి తగులకుండ సర్దుట, దానికగు వ్యయమును లెక్కించుట మన పనులే గదా! అదియు గాక, ఈ యంత్రము మూలమున మా యత్తగారి చిరకాలపు కోరిక యొకటి తీరునని మే మాశపడితిమి.

అత్తగారు పుంగనూరులో మా బావగారి యింట నుందురు. మోకాళ్ల నొప్పులచేత వారు వీధి గడప దాటి రెండేండ్లయినది. మామగారు జీవించియున్న కాలమున దంపతులిరువురును కేదారనాథమునకు పోదలచిరి. గౌరీకుండమునుండి కొండమీదికి నడకదారియే సుమారు 16 కిలోమీటర్లు. గుడి 3,500 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. “వచ్చే యేడు పోదాము” అనుకొనుచుండగనే మామగారు గతించిరి. గూగుల్ సంస్థ 2016లో వెలువరించిన గూగుల్ ఎర్త్ వీ.ఆర్. అను సాధనముతో భూమిమీది కొండలను లోయలను పక్షివలె తిరిగి చూడవచ్చునని తమ్ముడు చెప్పగానే మాకు అత్తగారే తలపునకు వచ్చిరి.

అయితే ఈ సాధనము హెడ్‌సెట్టులో దానంతట నది నడువదు. కంప్యూటరులో నడచి, అచటినుండి దృశ్యము కన్నులకడకు ప్రసారము కావలెను. దీనికి రెండు త్రోవలు గలవు. నేడు మెటా యనబడు సంస్థ తన క్వెస్టు హెడ్‌సెట్టులకు తీగ త్రోవను 2019లోను, వైఫై త్రోవను 2021లోను ఏర్పరచినది. మా తమ్ముడు తెచ్చిన యంత్రమునకును రెండు త్రోవలు నుండెను. ఏది మేలో తెలియక మేము పడిన పాటులు మీకు తప్పవలెననియే ఈ నెల యీ ముచ్చట.

మొదట మా యింటనే తీగ లేక చూచితిమి. వైఫైని పంచెడు రౌటరు వీధిగుమ్మము పైన నున్నది. కంప్యూటరు మావారి చదువుగదిలో నుండెను. నడుమ రెండు గోడలు. మా యబ్బాయి హెడ్‌సెట్టు ధరింపగా దృశ్యము కొంతసేపు నిలిచిపోవును, మరల నొక్కసారి గంతువేయును. మావారు “అంతర్జాలపు వేగము చాలలేదు” అని నెల రుసుము హెచ్చగు పథకమునకు మారిరి. మార్పేమియు కానరాలేదు. కానరాదు గూడ! దృశ్యము మన కంప్యూటరునుండి మన హెడ్‌సెట్టునకే పోవుచున్నది. వెలుపలి అంతర్జాలము భూమి పటములను తెచ్చుట కక్కరకు వచ్చునే గాని యీ లోపలి రాకపోకలకు గాదు. వంటయింటినుండి పడసాలకు పళ్లెము చేరుట ఆలస్యమగుచున్నదని వీధిని వెడల్పు చేయించినట్లయినది మా పని.

పిదప తీగ తగిలించితిమి. దృశ్యము నిలుకడగా నుండెను. కారణ మిది. ఇట్టి హెడ్‌సెట్టులలో దృశ్యము క్షణమునకు 72 మొదలు 120 సారులవరకు మారుచుండును. 90 సారులు మారునప్పుడు ఒక్కొక్క బొమ్మకు దొరకు వ్యవధి సెకండులో వేయింట సుమారు పదునొకండు పాళ్లు మాత్రమే. కంప్యూటరు బొమ్మను గీసి, మూటవలె కుదించి పంపగా హెడ్‌సెట్టు దానిని విప్పి చూపును. క్వెస్టువంటి వానియందు తీగతో పంపినను ఈ కుదింపు తప్పదు. తీగయున్నంత మాత్రమున బొమ్మ చెక్కుచెదరక వచ్చునని యనుకొనరాదు. భేద మెచటనన, తీగ యొక్కరి నడకకే యేర్పడిన బాట; గాలి పదిమంది నడచెడు వీధి. మన ఫోనులు, టీవీ, పొరుగింటి రౌటరు అన్నియు నందే నడచును. బొమ్మ యాలస్యమైన తల తిరిగినదని చెవిలోపలి యింద్రియము చెప్పును, తిరుగలేదని కన్ను చెప్పును. ఆ తగవే తలత్రిప్పటగను వికారముగను పరిణమించును.

తీగయే మేలని నిశ్చయించి, యంత్రమును గొని పుంగనూరునకు పోతిమి. అత్తగారిని వారి గదిలో కుర్చీపై కూర్చుండబెట్టితిమి. మంచుకొండలు కనబడగానే వారు “అబ్బ!” యని, వెనుక నేమున్నదో చూడ తిరిగిరి. తీగ భుజమునకు చుట్టుకొనెను. ఏదో పట్టిలాగినట్లై భయపడి లేవబోగా అదియే పాదమునకు తగిలెను. మేము ప్రక్కనే యుంటిమి గనుక పట్టుకొంటిమి. లేనియెడల నేమయ్యెడిదో తలచినను గుండె ఝల్లుమనును. ఆ యూరి పొట్టి యావుకైనను పలుపు కట్టినప్పుడు మెడ త్రిప్పుకొనుటకు వీలు చూచి కట్టుదుము. కన్నులు మూయబడిన పెద్దదానికి తీగ కట్టుచు మే మామాత్రము చూడమైతిమి.

సరే, తీగ తీసివేసి వైఫైతో చూపితిమి. అది పూర్వకాలపు టిల్లు. గోడలు మూరెడు మందము. రౌటరు ముందరి పడసాలలోను, అత్తగారి గది వెనుకను ఉన్నవి. వేగముగల 5 గిగాహెర్ట్జుల తరంగములు గోడలు దాటునప్పటికి నీరసించును. గోడలను కొంత మెరుగుగా దాటెడు 2.4 గిగాహెర్ట్జుల త్రోవ యీ ప్రసారమునకు చాలదు. రెండు నిమిషములలోనే అత్తగారికి కడుపులో త్రిప్పెను. “చాలు తల్లీ, తీసెయ్యి. చూసే రాత లేదనుకుంటాలే” అని కన్నులు మూసికొని పరుండిరి. ఆ రాత్రి మాకు అన్నము సయింపలేదు. చూపెదమని యాసపెట్టి, ఉన్న కొరతను మరింత చేసితిమి గదా యని బాధపడితిమి.

మరునాడు కుప్పములోని మా యాడబిడ్డ యింటికి పోవలసియుండెను. అచట మా మేనకోడలు ఇంజనీరింగు చదువుచున్నది. మా కథయంతయు విని యొకే ప్రశ్న వేసెను: “అత్తా, కంప్యూటరును రౌటరుకు వైరుతో కలిపినారా, అదీ వైఫైనేనా?” అదియును వైఫైయే యంటిమి. “అయితే ఒకే బొమ్మ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేస్తూంది” అని నవ్వెను. కంప్యూటరునుండి రౌటరునకొకసారి, రౌటరునుండి హెడ్‌సెట్టునకు మరియొకసారి. వారి పడసాలలో లాప్‌టాపును ల్యాన్ కేబులుతో రౌటరునకు కలిపి, ఆ గదిలోనే హెడ్‌సెట్టును ధరింపజేసెను. మేమే లేచి నిలిచి చుట్టును తిరిగి చూచితిమి. తీగ తగులలేదు, దృశ్యము తొట్రుపడలేదు.

వాల్వ్ సంస్థ 2025 నవంబరులో ప్రకటించిన స్టీమ్ ఫ్రేమ్ అను హెడ్‌సెట్టునకు, కంప్యూటరునకు తగిలించుకొనెడు చిన్న ప్రసారసాధనమును జతచేసిరి. ఇంటి రౌటరుతో ప్రమేయము లేక కంప్యూటరును హెడ్‌సెట్టును నేరుగా మాటలాడుకొనుటకే యది. గాలిలో నొక్కసారియే పోవలెనన్న మా మేనకోడలి మాటయే యందును గలదు.

తిరుగు ప్రయాణమున మరల పుంగనూరులో దిగితిమి. ఈమారు రౌటరును కదల్పలేదు. అత్తగారి కుర్చీనే పడసాలలోనికి తెచ్చితిమి. ముఖమునకు గంత కట్టుకొని పదిమందికంట పడుటకు వారు సిగ్గుపడగా, మధ్యాహ్నము వీధితలుపు మూసితిమి. లాప్‌టాపును రౌటరునకు కేబులుతో కట్టి, ఆ తీగను గోడవారగా పరచితిమి. దృశ్యమును నడపెడు పని అబ్బాయి చేసెను. మేము అవ్వగారి చేయి పట్టుకొని కూర్చుంటిమి. కదలునప్పుడు చూపు మేరను చిన్నది చేసి తలత్రిప్పటను తగ్గించెడు సదుపాయ మొకటి యీ గూగుల్ సాధనములో గలదు. దానిని తప్పక వాడితిమి.

కొండలు లేచి నిలిచినవి. మందాకిని లోయవెంట పైకి పోతిమి. గుడి మాత్రము కొండలవలె లేచి కనబడలేదు; అది మేము ముందే చెప్పియుంటిమి. అత్తగారు పది నిమిషములు మాటలాడలేదు. పిదప, “ఇంత దూరం నడవాలని మీ మామగారికి తెలిసే ఉంటుంది. అందుకే వచ్చే యేడు, వచ్చే యేడు అంటూ వచ్చినారు” అని మెల్లగా ననిరి. కొంత తడవునకు, “కుప్పంలో అమ్మాయి ఇల్లు కనబడుతుందేమో చూడరా” అని మనుమని నడిగిరి. కూతురు క్రొత్తగా కట్టించుకొన్న యింటిని వారింకను చూడలేదు. మిద్దె కప్పు మాత్రమే కనబడెను. కేదారముకంటె దానినే యెక్కువసేపు చూచిరి.

కావున సోదరీమణులారా, కూర్చుండి కదలక చూచువారికి, రౌటరునకు దూరమైన గదిలో నున్నవారికి తీగయే మంచిది. దానిని కుర్చీ వెనుకనుండి వదులుగా తెచ్చి, ప్రక్క నొకరు నిలువవలెను. నిలిచి తిరిగి యాడువారికి తీగ లేకుండుటయే క్షేమము. కంప్యూటరును మాత్రము రౌటరునకు కేబులుతో కట్టి, రౌటరున్న గదిలోనే యాడవలెను. ఆ కేబులు వందల రూపాయలలోనే దొరకును. మొదట దానిని కొని చూడక నెల రుసుము హెచ్చించుట గాని క్రొత్త రౌటరు తెచ్చుట గాని తొందరపాటు. పదేండ్లు నిండని పిల్లలకు ఈ యంత్రము వలదని మెటా సంస్థయే చెప్పుచున్నది. తల తిరిగినదని పెద్దలు చెప్పిన తోడనే తీసివేయవలెను. “ఇంకొంచెము చూడుడు” అని బలవంతపెట్టరాదు.

తమ్ముడు వచ్చి యంత్రమును తీసికొని పోయినాడు. మావారు రుసుమును మరల తగ్గించిరి. సంక్రాంతికి అత్తగారిని కారులో మెల్లగా కుప్పమునకు తీసికొని పోవుటకు బావగారు ఒప్పుకొన్నారు. మిద్దె కప్పు క్రింద ఇల్లెట్లున్నదో వారు కన్నులార చూడవలెను గదా.