పాత గాజుబిళ్లలు

ముద్దనూరులో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఇప్పుడు డిజిటల్ కెమెరానో ఫోనో ఉంటోంది. ఈసారి నేను సంచిలో ఫిల్ము కాలపు ఫిల్టర్ల డబ్బా కూడా వేసుకెళ్లాను. వాటిని పారెయ్యమనే వాళ్లకు జవాబుగానే ఈ ఛాయాచిత్ర సంచిక.

కొన్నిటి పని నిజంగానే తీరిపోయింది. బల్బు వెలుగులోని పసుపును సరిదిద్దే నీలి బిళ్ల పనిని కెమెరాలోని వైట్ బ్యాలెన్సే చేసేస్తోంది. నలుపు తెలుపు ఫిల్ము మీద నీలాకాశాన్ని నల్లబరిచిన ఎర్ర బిళ్ల మామూలు సెన్సారుకు చేటే. అక్కడ ప్రతి నాలుగు బిందువుల్లో ఎరుపును చూసేది ఒక్కటే. మిగతా మూడూ దాదాపు గుడ్డివైపోతాయి.

పోలరైజర్ బిళ్ల సంగతి వేరు. గండికోట లోయ అంచున నిలబడి, సూర్యుణ్ణి భుజం పక్కకు తెచ్చుకుని, దాని కట్టును మెల్లగా తిప్పాను. పెన్న నీటి మీది తళుకు పోయింది. ఎర్రరాతి మీద తెల్లగా పరుచుకున్న మెరుపు తొలగి, రాతి అసలు రంగు పైకొచ్చింది. ఆ తళుకు కింద కెమెరాకు అందకుండా పోయిన వివరాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, ఊహించి పూయగలదంతే. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుతురు తగ్గుతుంది, తగ్గనీ. పాత లీనియర్ రకంతో కొన్ని ఎస్సెల్లార్ కెమెరాల మీటరు, ఆటోఫోకస్ తడబడతాయి. అద్దంలేని కొత్త కెమెరాల్లో ఆ చిక్కు దాదాపు లేదు. కొలత కుదరకపోతే, 49 మి.మీ. లెన్సుకు 52 మి.మీ. బిళ్లను బిగించడానికి చిన్న రింగు చాలు.

ప్రొద్దుటూరు, పులివెందుల స్టూడియోల అటకల మీద ఇలాంటి డబ్బాలుంటే, బూజు పట్టకముందే దించి తుడవండి. వాటితో తీసిన బొమ్మలు మాకు పంపండి.