ఫార్మాట్ కొట్టే ముందు నబ్జ్ చూడండి భాయ్

ఇంట్లో కంప్యూటర్ ఆన్ కావట్లేదని దుకాణానికి మోసుకెళ్తే, మా గురజాలలో అయినా, అటు మాచర్లలో అయినా, ఇటు నరసరావుపేటలో అయినా చాలాసార్లు వినిపించే మొదటి మాట ఒకటే. "ఫార్మాట్ కొట్టాలి." వైరు పెట్టి స్విచ్ నొక్కకముందే ఆ మాట వచ్చేస్తుంది. మన పెద్దలు ఊరికే అనలేదు, నీమ్ హకీం ఖత్ర-ఏ-జాన్ అని. సగం నేర్చిన హకీం చేతిలో పడితే జాన్‌కే ఖత్రా. పూర్తి హకీం ఏం చేసేవాడు? ముందు చెయ్యి పట్టుకుని నబ్జ్ చూసేవాడు. దవా సంగతి తర్వాత.

నా రాయ్ సీదాగా చెప్పేస్తాను. మరమ్మతుకి ఇచ్చిన కంప్యూటర్ అమానత్. ఆ డబ్బా ఖీమత్ ఎంతో బజారు చెప్తుంది గానీ, లోపలున్న వాటి ఖీమత్ ఇంటివాళ్లకే తెలుసు. వాళ్ల ఇజాజత్ లేకుండా, లోపల ఏముందో అడగకుండా, కాపీ తీయకుండా ఫార్మాట్ కొట్టడం ఖియానత్. మెత్తని మాట వాడాలని చూశాను, దొరకలేదు.

మా ఫుప్పూ వాళ్ల ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. ఫూఫా ఉన్నప్పుడు కొన్నది. ఆయన ఇంతెఖాల్ అయ్యాక ఆయన ఫోటోలు చాలావరకు అందులోనే మిగిలాయి. పిల్లల మార్కుల మెమోల స్కాన్లు, ఇంటి స్థలం దస్తావేజుల నకళ్లు కూడా అందులోనే. ఓ మే నెలలో అది మొరాయించింది. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. దుకాణంలో కుర్రాడు చూసి, విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టి కొత్తది వేస్తాను, ఐదొందలు అన్నాడట. ఫుప్పూకి ఫార్మాట్ అంటే ఏంటో తెలీదు. సర్వీసింగ్ లాంటిదనుకుంది. "సాఫ్ చేస్తాడంట బేటా" అని ఫోన్ చేసి చెప్పింది. ముట్టుకోనివ్వకుండా ఇంటికి తెచ్చేయమన్నాను.

ఇక్కడ అసలు సంగతి అర్థం కావాలంటే కంప్యూటర్ నిద్ర లేచే తర్తీబ్ తెలియాలి. పెద్ద ఇల్మ్ ఏం కాదు. స్విచ్ నొక్కగానే వెనకున్న పవర్ సప్లై, దాన్నే ఎస్ఎంపీఎస్ అంటారు, మన 230 వోల్టుల కరెంటుని 12, 5, 3.3 వోల్టులుగా మార్చి బోర్డుకి ఇస్తుంది. బోర్డు తనని తాను పరీక్షించుకుంటుంది. ర్యామ్ ఉందా, స్క్రీన్ ఉందా, కీబోర్డు ఉందా. అన్నీ బాగుంటే కంపెనీ పేరు కనబడుతుంది. ఆ తర్వాతే డిస్క్ వైపు చూస్తుంది. ఆ డిస్క్‌లోంచి విండోస్ లేస్తుంది. అంటే విండోస్ వంతు అందరికంటే ఆఖర్న.

ఫ్యాను తిరుగుతూ కంపెనీ పేరు కూడా కనబడకపోతే, విండోస్ వంతు ఇంకా రాలేదన్నమాట. రాని వాడి మీద ఇల్జామ్ వేయడం ఎక్కడి ఇన్సాఫ్?

ఫుప్పూ కంప్యూటర్లో ఖసూర్ ర్యామ్‌ది. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, లోపల మిగిలిన కరెంటు పోయాక మూత తీశాం. ర్యామ్ ముక్కని బయటికి లాగి, దాని బంగారు రంగు పళ్లని పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి, క్లిప్పులు టక్కుమనేదాకా మళ్లీ నొక్కాం. ఆన్ అయింది. ఖర్చు సున్నా. అన్నిసార్లూ ఇంత సులువుగా అయిపోతుందని చెప్పను. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఇంట్లో ఎవరూ విప్పొద్దు, ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిల్వ ఉంటుంది.

మన పల్నాడు కూడా యంత్రాలకి నెమ్మది నేల కాదు. పక్కనే రెంటచింతల, ఎండాకాలం వచ్చిందంటే టీవీ వార్తల్లో మొదటి పేరు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు. ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? సీపీయూని తీసుకెళ్లి మంచం పక్కన నేల మీద పెడతాం, ఫ్యాను ఆ దుమ్ముని లోపలికి పీలుస్తుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, కరెంటు పోయినప్పుడల్లా డిస్క్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. ఇన్ని షక్కులు కళ్ల ముందుండగా నేరుగా ఫార్మాట్ మీదికి ఎలా పోతారు? గోడ ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి కరెంటు ఉందో లేదో చూడటం, మానిటర్ వైరు ఊడిందేమో చూడటం, మర్చిపోయిన పెన్‌డ్రైవ్ తీసేసి చూడటం, ఇవి ఖాలా అయినా చేయగల పనులు.

నిజంగానే విండోస్ చెడిపోయిందనుకుందాం. అప్పుడైనా ఫార్మాట్ మొదటి దవా కాదు. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా నీలం స్క్రీన్లు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు. మన దేశంలో విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. దానికి ఇలాజ్ ఏంటో తెలుసా? సేఫ్ మోడ్‌లో లేపి, ఒక ఫైలు తీసేయడం. అంతే. 85 లక్షల కంప్యూటర్లు మన బజారు దుకాణాలకి వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

సేఫ్ మోడ్‌లో కూడా లేవకపోతే, ఉబుంటు లాంటి లినక్స్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే దాని మీద కంప్యూటర్ నడపొచ్చు, ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. లేదా డిస్క్ విప్పి ఇంకో కంప్యూటర్‌కి తగిలించొచ్చు. డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే మాత్రం మళ్లీ మళ్లీ ఆన్ చేయకండి, నిపుణుల దగ్గరికే తీసుకెళ్లండి. ఇవన్నీ అయ్యాక, ఫైళ్లు చేతికొచ్చాక, ఫార్మాట్ కొట్టుకోండి, ఎవరొద్దన్నారు?

ఇప్పుడు ఆ దుకాణం కుర్రాడి వైపు నుంచి కూడా మాట్లాడాలి, లేకపోతే అదీ నాఇన్సాఫీయే. అతను రెండు గంటలు మేహనత్ చేసి, వైరు వదులైందని కనిపెట్టి, బిగించి ఇస్తే మనం ఏమిస్తాం? "వైరేగా భయ్యా, దీనికి కూడా డబ్బులా?" అంటాం. యాభై చేతిలో పెట్టి, పక్కనోడితో మోసగాడని చెప్పుకుంటాం. అదే ఫార్మాట్ కొట్టి విండోస్ వేశానంటే మారు మాట్లాడకుండా ఐదొందలు ఇస్తాం. ఆ విండోస్ అసలుదో దొంగదో కూడా అడగం. బజార్లో ఫార్మాట్‌కి రేటుంది, ర్యామ్‌కి రేటుంది, ఆలోచనకి రేటు లేదు. రోజీ కోసం కూర్చున్నవాడు రేటున్న పనే చేస్తాడు. అది అతని మజ్బూరీ. ఆ ఖియానత్‌లో మనకీ హిస్సా ఉందని నేననేది ఇందుకే.

డాక్టరు దగ్గర, మందు రాసినా రాయకపోయినా ఫీజు కడతాం కదా. కంప్యూటర్ మరమ్మతులోనూ చూసినందుకు ఫీజు వేరే ఉండాలి. దుకాణాల వాళ్లు అది బోర్డు మీద రాసి అడగాలి, మనం గొణక్కుండా ఇవ్వాలి. బదులుగా ఖరాబైంది ఏమిటో, ఎలా తెలిసిందో రెండు ముక్కల్లో రాసి రసీదు ఇవ్వాలి. ఆ రసీదు మీదే "డేటా తీయకుండా ఫార్మాట్ చేయరాదు" అని రాయించుకుని సంతకం తీసుకోండి. రాయనంటే డబ్బా వెనక్కి తెచ్చేసుకోండి.

పొరపాటున ఎవరైనా ఇప్పటికే కొట్టేసి ఉంటే, ఆ కంప్యూటర్‌లో ఇంకేం దాచకుండా ఆపేయండి. పాత హార్డ్ డిస్క్ అయితే కొంత తిరిగొచ్చే ఉమ్మీద్ ఉంది. ఎస్ఎస్‌డీ అయితే ఉమ్మీద్ చాలా తక్కువ.

కొత్త ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి ఇంకో ఫికర్. చాలావాటిలో బిట్‌లాకర్ అనే తాళం మనకి తెలియకుండానే పడి ఉంటోంది. డిస్క్ విప్పి వేరే దానికి తగిలించినా 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. కంప్యూటర్ బాగున్న ఇవాళే ఫోన్‌లోంచి తెరిచి చూసి, కాగితం మీద రాసి, బీరువాలో దస్తావేజుల పక్కన పెట్టండి. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికి గుర్తుందో కూడా ఇవాళే అడగండి.